ఏనుగు కథ సరే, కాలు కథ ఏటి?

సింహాచలం కాడ బస్సెక్కి బీచికెల్లే కుర్రోళ్లు కోడి రామ్మూర్తి నాయుడుగోరి బొమ్మ కాడ సెల్ఫీ తీసుకుంటారు. గుండె మీద ఏనుగునెక్కించుకున్నాడు, కార్లు ఆపేసినాడు. మనోళ్లకి అంతవరకే తెలుసు.

1882లో వీరఘట్టంలో పుట్టినాడు. విజయనగరంలో కుస్తీ నేర్సి, బడి పిల్లలకి కసరత్తు సెప్పినాడు. తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగి, కలియుగ భీముడనిపించుకున్నాడు. మాంసం ముట్టేవాడు కాదట. పౌడరు డబ్బాలకి డబ్బులు తగలేసే మన జిమ్ము గుంటలు ఈ ముక్క ఇనుకోవాల.

మరి ఆఖరి కుస్తీ? దానికి టికెట్లు లేవు, సప్పట్లు లేవు. కాలి మీద రాచపుండు లేసి, కాలే తీసేయాల్సొచ్చింది. మత్తుమందు తీసుకోకుండానే కోయించుకున్నాడని నేటికీ గొప్పగా సెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ గొప్ప మింగుడు పడదు. మత్తు తీసుకుంటే భీముడు కాకుండా పోతాడేటి? నొప్పిని దాసుకోడమే మగతనమని మన ఊళ్లలో ఎంతమంది ఆస్పత్రికెల్లకుండా పోనారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

బలం ఆయనది, ఒప్పుకుంటాను. ఆ నొప్పీ ఆయనదే కదా, దాన్నెందుకు ఇంకో సర్కస్ ఫీటు సేసీనాం?

లచ్చలు గడించినాడు, దానాలిచ్చినాడు, ఆఖర్న సితికిపోనాడు. 1942లో కన్ను మూసినాడు. వీరఘట్టంలో కాదు, విశాఖలో కాదు, ఎక్కడో ఒడిశాలోని బలంగీరులో.