నాగయ్యగారు మిగిల్చినవి

విశాఖపట్టణం నుండి అనంతగిరి కొండల మీదుగా అరకులోయకు వెళ్ళినవారిలో అక్కడి గిరిజన ప్రదర్శనశాలను చూడక తిరిగివచ్చేవారు అరుదు. తూర్పుకనుమలలోని కొండజాతులవారి ఇంటి సామగ్రిని, నగలను, వేట సాధనాలను అందులో భద్రపరచినారు. అయితే ఆ కొండల ప్రాణం ధింసా నృత్యంలో ఉన్నది. తుడుమును, కిరిడిని, జోడుకొమ్ములను అద్దాల బీరువాలో ఉంచవచ్చును. ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకొని అడుగు కలిపే ఆ లయను బీరువాలో ఉంచడం సాధ్యం కాదు. అది తల్లి పాదాలను చూచి బిడ్డ పాదాలు నేర్వవలసిన విద్య.

నటుని విద్య కూడ ఇట్టిదే. పూర్వం నటుడు వేదిక దిగిన క్షణంలోనే అతని కళ అస్తమించేది. 1946లో బళ్ళారి రాఘవగారు కన్నుమూసిన తరువాత ఆయన రంగస్థల వైభవాన్ని చూచినవారు చెప్పగా వినవలసినదే. సినిమా వచ్చినది కనుక ఇక ఆ లోటు తీరినదని మనవారు సంతోషించినారు. ఆ సంతోషం తొందరపాటే అయినది. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదల కాగా, నేడు దాని ప్రతి ఒక్కటియు దొరకదు. వందల సంవత్సరాల నాటి తాళపత్రాలు నిలిచిన దేశంలో, తొంబది యేండ్ల నాటి చిత్రం నిలువలేదు.

అట్టి నష్టం నుండి కొంత తప్పించుకొని, కొంత తప్పించుకొనలేక మనకు మిగిలిన మహానటుడు చిత్తూరు నాగయ్య. తెలుగుదేశంలో పోతన, వేమన, త్యాగరాజులకు రూపం కల్పించి, ఆ రూపాన్ని జనుల మనస్సులలో నిలిపినవారాయన. పోతన పద్యం చెప్పుకొనేటప్పుడు ఒక తరంవారికి కనులయెదుట మెదిలే ముఖం నాగయ్యగారిదే. కావున ఆయన కళావశేషాలను కాపాడుకొనుట సినిమావారి పని మాత్రమే కాదు. సాహిత్యం చదివే, చెప్పే ప్రతివారికీ ఆ పనిలో భాగం ఉన్నది.

నాగయ్యగారు 1904 మార్చి 28వ తేదీన గుంటూరు మండలంలోని రేపల్లెలో జన్మించినారు. ఇంటిపేరు ఉప్పలదడియం, పూర్తి పేరు నాగయ్యశర్మ. పెరిగినదీ, ఉద్యోగం చేసినదీ, నాటకాల రుచి మరిగినదీ చిత్తూరులో. అందుచేత ఆ ఊరి పేరే ఆయనకు ఇంటిపేరై నిలిచినది. కొంతకాలం గుమాస్తాగా, కొంతకాలం ఆంధ్రపత్రికలో విలేకరిగా పనిచేసినారు. చిత్తూరు రామవిలాస సభవారి నాటకాలలో వేషాలు వేసినారు. మంచి గాత్రం కలవారు కనుక గ్రామఫోను రికార్డులవారు ఆయనను వెదకుకొంటూ వచ్చినారు. 1930లో ఉప్పు సత్యాగ్రహపు గాలి వీచినప్పుడు అందరు యువకులవలెనే ఆయన కూడ ఆ ఉద్యమంలోకి నడచినారు.

ఇంటి బ్రతుకు మాత్రం ఆయనకు కలసిరాలేదు. చిన్నతనంలోనే కళత్రవియోగం కలిగినది. మనస్సు విరిగి తిరువణ్ణామలై చేరి రమణమహర్షి సన్నిధిలో కొంతకాలం గడిపినారు. ఆయన భక్తపాత్రలలోని శాంతం కేవలం అభినయం వలన వచ్చినది కాదనుటకు ఈ కాలాన్ని గుర్తుంచుకొనవలసి ఉన్నది. దుఃఖమంటే ఏమో తెలిసినవాని శాంతం వేరు, తెలియనివాని శాంతం వేరు.

1938లో హెచ్. ఎం. రెడ్డిగారి గృహలక్ష్మితో ఆయన తెరమీదికి వచ్చినారు. మరుసటి సంవత్సరం బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థపేర నిర్మించిన వందేమాతరంలో కాంచనమాల సరసన కథానాయకుడు. ఆ చిత్రానికి సంగీతం కూడ ఆయనదే. నటన, గానం, సంగీత రచన ఒకే మనిషిలో కలసి ఉండడం ఆనాటి చిత్రపరిశ్రమకు గొప్ప కలిమి. 1940లో సుమంగళి, 1941లో దేవత వెలువడినవి. ఇవన్నీ సాంఘిక చిత్రాలే. విధవావివాహం, ఉద్యోగంలేని విద్యావంతుని వేదన, పేదింటి పిల్లకు జరిగిన అన్యాయం వాటి కథావస్తువులు. నాగయ్యగారిని భక్తుల వేషధారిగా మాత్రమే ఎరిగినవారు ఈ ఘట్టాన్ని మరచిపోతున్నారు.

పిమ్మట పోతన వచ్చినాడు. యుద్ధభయంతో మదరాసు సగం ఖాళీ అయిన 1942లో తయారైన భక్తపోతన కె. వి. రెడ్డిగారికి దర్శకుడుగా తొలి చిత్రం. పోతన, శ్రీనాథులు బావమరదులన్న కథను పండితులు ఒప్పుకొనరు. పోతన ఊరు ఓరుగల్లు చెంత బమ్మెరయా, కడప మండలంలోని ఒంటిమిట్టయా అన్న తగవు కూడ పాతదే. చిత్రం ఈ తగవులను పట్టించుకొనలేదు. పొలం దున్నుకొని బ్రతుకుతూ, రాజుకు కృతి ఇయ్యక రామునికి ఇచ్చిన ఒక రైతుకవిని చూపినది. నాగయ్యగారి పోతనలో పాండిత్యపు బింకం లేదు. నాగలి పట్టిన చేతికీ గంటము పట్టిన చేతికీ భేదం తెలియనంత సహజంగా ఆ పాత్ర నడచినది. చరిత్ర దృష్టిలో ఆ కథకు లోపాలున్నా, జనులు పోతనను ఎట్లు ప్రేమించినారో తెలుసుకొనుటకు దానికి మించిన పత్రం లేదు.

1945లో వచ్చిన స్వర్గసీమలో ఆయన పాత్ర ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. భార్యను విడిచి నటీమణి మోహంలో పడిన పత్రికా సంపాదకుడు. ఆ చిత్రంలోనే భానుమతి గొప్ప నటిగా పేరు తెచ్చుకొన్నది, ఘంటసాల నేపథ్యగాయకుడుగా మొదట వినిపించినాడు. అదే సంవత్సరం తమిళంలో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి మీరాగా నటించిన చిత్రంలో నాగయ్యగారు రాణాగా కనిపించినారు.

త్యాగయ్య 1946లో వచ్చినది. నిర్మాణం, దర్శకత్వం, సంగీతం, ప్రధానపాత్ర అన్నీ ఆయనవే. త్యాగరాజస్వామి సిద్ధిపొంది అప్పటికి సరిగా వంద సంవత్సరాలు కావస్తున్నవి. ఆ చిత్రంలోని కృతులను శాస్త్రం ఎరిగినవారు తప్పుపట్టలేదు, శాస్త్రం ఎరుగనివారు విసుగుపడలేదు. అంతకంటె కష్టమైన పని సంగీత చిత్రానికి మరొకటి లేదు. ఆ చిత్రం తెచ్చిన ధనంలో కొంత తిరువయ్యారులో త్యాగరాజు పేరిట యాత్రికుల వసతికి వినియోగమైనది. మిగిలినది మిత్రులకు, అడిగినవారికి, అడుగనివారికి వినియోగమైనది.

1947లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వంలో యోగివేమన. నటన వరకే చూచినచో ఇదే ఆయన శిఖరం. భోగలాలసుడైన యువకుడు, బంగారం చేయు విద్యకై అభిరామునితో కూడి తహతహలాడే సాధకుడు, అన్నకూతురి మరణంతో లోకం మీద ఆశ తెగిన విరాగి, చివరకు లోకానికే హితం చెప్పే యోగి. ఈ నాలుగు అవస్థలలోను కంఠం మారుతుంది, నడక మారుతుంది, చూపు మారుతుంది. మార్పు ఎక్కడ జరిగినదో వేలు పెట్టి చూపలేము.

వేమన ప్రస్తావన వచ్చినది కనుక ఇక్కడ ఒక మాట జ్ఞాపకం చేసుకొనవలెను. పండితులు ఈసడించిన ఆ పద్యాలను ఊరూరా వెదకించి, ప్రతులు వ్రాయించి, సరిచూపించి 1829లో అచ్చువేయించినవాడు సి. పి. బ్రౌను. చిరిగిన కాగితాలకు, పురుగుపట్టిన తాటియాకులకు వేతనాలిచ్చి లేఖకులను నియమించిన ఆ దొరను ఆనాడు వెర్రివాడని తలచినవారు లేకపోలేదు. వేమన పాత్రధారి వ్రాతకోతలను, చిత్రాలను, రికార్డులను సేకరించుట కూడ ఆ జాతి పనియే. అందులో కష్టం ఇంకొంచెం ఎక్కువ.

ఎందుకనగా తాటియాకుకు శత్రువు పురుగు. ఫిలింకు శత్రువు ఫిలిమే. సుమారు 1950వ సంవత్సరం వరకు చిత్రాలన్నీ నైట్రేట్ ఫిలిం మీద తీసినవి. అది త్వరగా అంటుకొనే పదార్థం. ఉక్కలో ఉంచినచో జిగురుగా మారి, తుదకు పొడియైపోతుంది. తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిలిం అంటుకొనదు గాని, వేడి తేమలకు పులిసి వెనిగరు వాసన కొట్టి ముడుచుకొనిపోతుంది. మదరాసు సముద్రపుగాలి ఈ రెంటికీ పరమశత్రువు. దానికి తోడు మానవుని లోభం. ఆడి మానిన చిత్రాల ప్రతులను అందులోని వెండి కొరకు కరగించి అమ్ముకొన్న కాలం ఒకటి ఉన్నది. వీరాభిమన్యుని వలె ఇన్నిమంది నడుమ చిక్కిన చిత్రం బయటపడడమే వింత.

ప్రభుత్వం 1964లో పూనాలో జాతీయ ఫిలిం భాండాగారాన్ని నెలకొల్పినది. పి. కె. నాయర్ అను ఉద్యోగి పాతచిత్రాలను దేశమంతటా వెదకి అక్కడికి చేర్చినాడు. అయినను 2003 జనవరిలో పూనాలో నైట్రేట్ ఫిలిం దాచిన గదిలో మంటలు పుట్టి అనేక పాతచిత్రాలు బూడిదైనవి. దాచినంత మాత్రాన దక్కదు. చల్లదనం చూడవలె, తేమ కొలవవలె, ఎప్పటికప్పుడు క్రొత్త ప్రతి తీయవలె.

నాగయ్యగారి భక్తపోతన, స్వర్గసీమ, త్యాగయ్య, యోగివేమన నేటికీ చూడ దొరకుచున్నవి. మన పుణ్యమనవలె. అయితే ఒక నటుని జీవితానికి సాక్ష్యం చిత్రం మాత్రమే కాదు. సినిమాహాలు ముంగిట అణాలకు అమ్మిన పాటలపుస్తకంలో కథాసంగ్రహం, పాత్రధారుల పట్టిక, పాటల పాఠం ఉంటవి. చిత్రం పోయినప్పుడు అదే గతి. లక్కతో చేసిన పాత గ్రామఫోను రికార్డు ఒక్కొక్క వైపు మూడు నిమిషాల పాటు పలుకుతుంది. దానికై పాటను కుదించి వేరుగా పాడిన సందర్భాలు ఉన్నవి కనుక, తెరమీది పాటా రికార్డు మీది పాటా ఒకటే అనుకొనరాదు. స్వరాలు వ్రాసుకొన్న కాగితాలు, ఒప్పందాలు, ఉత్తరాలు, నిశ్చలచిత్రాలు, దర్శకుడు అంచులలో గుర్తులు పెట్టుకొన్న సంభాషణల ప్రతి, ఇవన్నీ కలసి ఒక నటుని పని ఎట్లు జరిగినదో చెప్పగలవు. తమిళదేశంలో ఫిలిం న్యూస్ ఆనందన్ అనే ఒక్క వ్యక్తి ఇట్టి సామగ్రిని జీవితమంతా ప్రోగుచేయగా, అక్కడి ప్రభుత్వం దానిని స్వీకరించినది. తెలుగువారిలో పాటలపుస్తకాలు దాచుకొన్న ఉపాధ్యాయులు, పాత రికార్డులు దాచుకొన్న గుమాస్తాలు చాలమంది ఉన్నారు. వారు పోయిన తరువాత ఆ పెట్టెలు పాతకాగితాలవాని తక్కెడ ఎక్కుచున్నవి.

నాగయ్యగారి విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. ఆయన కూడబెట్టుకొనే మనిషి కాడు. సంపన్నుడుగా ఉన్న రోజులలో ఆయన ఇంట విస్తరి వేయని పూట లేదు. పరిశ్రమలో అడుగుపెట్టగోరి మదరాసు చేరిన కుఱ్ఱవారికి ఆ ఇల్లు సత్రం. ఇచ్చిన చేతికి లెక్కపత్రం ఉండదు. ఆయన దాతృత్వానికి సాక్ష్యం అన్నం తిన్నవారి జ్ఞాపకాలే. 1953లో సొంతంగా తీసిన నాయిల్లు ఆయనకు లాభం తేలేదు. క్రమంగా ఆస్తి కరగిపోయినది. కథానాయకుడు తండ్రి వేషాలకు, ఆపైన చిన్నచిన్న వేషాలకు దిగినారు. ఒకనాడు తన పారితోషికం తాను నిర్ణయించుకొన్న మనిషి, ఇచ్చినది పుచ్చుకొని పనిచేసినారు. ఆ కాలంలోని వేషాలలో కొన్ని ఆయన స్థాయికి తగినవి కావు, చూచుటకు మనసొప్పదు. కాని ఒక్క దృశ్యంలో నిలిచినా ఆ పెద్దరికం తెరను నింపేది.

అంత ఇబ్బందిలోను ఆయన రామదాసును విడువలేదు. ఎన్నో యేండ్లు ఆగుతూ సాగుతూ భక్తరామదాసు 1964లో పూర్తియై వెలువడినది. దర్శకత్వమూ, రామదాసు పాత్రా ఆయనవే. మహమ్మద్ రఫీచేత తెలుగులో పాడించిన చిత్రమది. ప్రభుత్వధనం దేవునికి ఖర్చుపెట్టి చెరసాల పాలైన భక్తుని కథను, తన ధనమంతా ఎవరెవరికో ఖర్చుపెట్టిన నటుడు అరవై యేండ్ల వయస్సులో అభినయించినాడు. ఆ చిత్రం చూచేటప్పుడు ఈ సంగతి తెలిసినవానికి ఒక రుచి, తెలియనివానికి మరొక రుచి. 1965లో భారతప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది.

1973 డిసెంబరు 30వ తేదీన మదరాసులో నాగయ్యగారు కన్నుమూసినారు. త్యాగరాయనగరులోని పానగల్ పార్కులో తరువాత ఆయన విగ్రహాన్ని నిలిపినారు. చుట్టూ బట్టలదుకాణాల సందడి. ఎండవేళ బేరగాండ్రు ఆ చెట్లనీడను వచ్చి కూర్చుంటారు. ఆ విగ్రహం మాటాడదు, పాడదు. మాటాడి పాడే నాగయ్య ఫిలిం చుట్టలలోను, అరిగిన రికార్డులలోను, ఏ పల్లెటూరి అటక మీదనో మూటకట్టి ఉన్న పాటలపుస్తకాలలోను ఉన్నాడు.