ప్రాణజలానికి దారి చూపిన ఓషానెస్సీ

నేడు ఏ ఆసుపత్రిలో చూచినా ప్రాణాపాయస్థితిలో ఉన్న రోగి ప్రక్కన సెలైన్ సీసా వ్రేలాడుతూ ఉంటుంది. ఆ చికిత్సకు శాస్త్రీయమైన పునాది వేసిన నాటికి డాక్టర్ విలియం బ్రూక్ ఓషానెస్సీ వయస్సు 22 సంవత్సరాలు మాత్రమే. ఆ మహనీయుని జీవితాన్ని తోటి విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

ఆయన 1809లో ఐర్లండులోని లిమరిక్ నగరంలో జన్మించి, 1829లో ఎడింబరోలో వైద్యపట్టం పొందారు. 1831లో ఇంగ్లండులోని సండర్లాండ్ రేవుపట్టణంలో కలరా ప్రబలింది. అసలే నీరసించిన రోగి నుండి నెత్తురు తీయడమే ఆనాడు పలువురు వైద్యులు చేసిన చికిత్స. ఓషానెస్సీ అక్కడికి వెళ్లి రోగుల రక్తాన్ని పరీక్షించారు. అందులో నీరు, లవణాలు ఎంతో తగ్గిపోయాయనీ, అవి విరేచనాల ద్వారా పోతున్నాయనీ నిరూపించారు. పోయినదానిని సిరల ద్వారా తిరిగి అందించాలని సూచించారు.

1832లో స్కాట్లండులోని లీత్ వైద్యుడు తామస్ లాటా ఆ సూచనను ఆచరణలో పెట్టారు. మృత్యుముఖంలో ఉన్న ఒక వృద్ధురాలికి అరగంటలో సుమారు 6 పింట్లు, అనగా 3 లీటర్లకు పైగా ఉప్పునీరు ఎక్కించగా ఆగిన నాడి మరల అందింది, ముఖంలో కళ వచ్చింది. గండం గడిచిందని తలచి లాటా ఆమెను మరొక వైద్యునికి అప్పగించి వెళ్లారు. కాని విరేచనాలు తిరిగి మొదలయ్యాయి; ద్రవం మరల ఎక్కించలేదు; కొద్ది గంటలలోనే ఆమె మరణించింది.

1833లో లాటా కన్నుమూశారు. ఆ యేడే ఓషానెస్సీ ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి మన దేశానికి వచ్చారు. చేపట్టి నడిపేవారు లేక ఆ చికిత్స చాలాకాలం మరుగునపడింది. ఓషానెస్సీ కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్రం బోధించారు. 1850 తరువాతి సంవత్సరాలలో కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసులను తంతితీగెలతో కలిపారు. 1856లో సర్ బిరుదు పొంది, 1889లో ఇంగ్లండులో పరమపదించారు.

ద్రవం ఎక్కించడంతోనే వైద్యుని బాధ్యత తీరదు. పోయినదెంతో కొలవాలి; నాడిని, రక్తపుపోటును, మూత్ర పరిమాణాన్ని మాటిమాటికి గమనించాలి. తక్కువైతే అవయవాలు దెబ్బతింటాయి. ఎక్కువైతే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. ఆ వృద్ధురాలి మరణం వైద్యలోకానికి నేర్పిన పాఠమిదే. ఊహను నమ్మక కొలతను నమ్మిన ఓషానెస్సీ మార్గం వైద్యవిద్యార్థులకే గాక మనందరికీ అనుసరణీయమని మా విశ్వాసం.