మూడో షోగన్ గారి కుండీ చెట్టు

టోక్యోలో జపాన్ చక్రవర్తి ప్యాలెస్ ఆవరణలో, ఒక కుండీలో పైన్ చెట్టు ఉంది. వయసు 500 ఏళ్ళ పైనే అంటారు. దాన్ని "మూడో షోగన్ పైన్" అని పిలుస్తారు. ఆ మూడో షోగన్ పేరు తొకుగావా ఇయెమిత్సు. బోన్సాయ్ అంటే ప్రాణం పెట్టిన మనిషి. అదే మనిషి చేతిలో సొంత తమ్ముడు కూడా బతకలేదు. రెండూ నిజమే.

ఇయెమిత్సు 1604లో ఎదో కోటలో పుట్టాడు. ఎదో అంటే ఇప్పటి టోక్యోనే. అప్పట్లో చక్రవర్తి క్యోటోలో పేరుకే ఉండేవాడు, దేశాన్ని నడిపేది షోగన్. తాత ఇయెయాసు ఆ వంశంలో మొదటి షోగన్, నాన్న హిదెతదా రెండోవాడు. చిన్నప్పుడు ఇయెమిత్సు ఆరోగ్యం అంతంతమాత్రం, మాట తడబడేదని కూడా చెబుతారు. అమ్మానాన్నలకి తమ్ముడు తదనాగా అంటేనే ముద్దు. వారసత్వం ఎక్కడ తమ్ముడికి పోతుందోనని, పెంచిన దాది కసుగా వెళ్ళి తాత దగ్గర మొరపెట్టుకుందట. తాత పెద్దవాడి వైపే నిలబడ్డాడు.

1623లో ఇయెమిత్సు షోగన్ అయ్యాడు. 1632లో నాన్న పోయాక పగ్గాలు పూర్తిగా చేతికొచ్చాయి. తమ్ముడి జాగీరు లాక్కుని, నిర్బంధంలో పెట్టించాడు. చివరికి తదనాగా ఆత్మహత్య చేసుకోక తప్పలేదు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు కూడా లేవు.

తర్వాత దేశం వంతు. 1635లో సామంతులంతా వంతులవారీగా ఎదోలో ఉండి తీరాలని రూల్ పెట్టాడు. వాళ్ళు ఊరెళ్ళినా భార్యాబిడ్డలు ఎదోలోనే ఉండాలి. అదే ఏడాది జపనీయులు విదేశాలకి వెళ్ళకూడదన్నాడు. 1637లో షిమబారాలో పన్నులు, మతహింస భరించలేక రైతులు తిరగబడితే వేలమందిని చంపించాడు. 1639లో పోర్చుగీసువాళ్ళని వెళ్ళగొట్టాడు. డచ్చివాళ్ళని 1641లో నాగసాకి దగ్గర చిన్న దీవికి పరిమితం చేశాడు. ఆ తలుపులు రెండు వందల ఏళ్ళకి పైగా మూసే ఉన్నాయి.

ఇంత చేసినవాడు కుండీ చెట్ల ముందు మాత్రం గంటలు గంటలు కూర్చునేవాడట. బోన్సాయ్ అనే మాట అప్పటికి ఇంత వాడుకలో లేదు, హచినోకి అనేవారు, అంటే కుండీ చెట్టు. చెట్ల మీద పెట్టే ధ్యాస మనుషుల మీద పెట్టడం లేదని కోపమొచ్చి, ఓకుబో హికొజయెమోన్ అనే ముసలి సమురాయ్ ఆయనకిష్టమైన కుండీని తోటలోకి విసిరేశాడని ఒక కథ ఉంది. కథే అయినా, జనం ఆయన్ని ఎలా చూశారో తెలుస్తుంది.

కానీ చెట్టు షోగన్ ఆర్డర్ వినదు. కొన్నేళ్ళకోసారి కుండీలోంచి తీసి, వేళ్ళు కత్తిరించి, మట్టి మార్చాలి. ఏ కొమ్మ ఉంచాలి, ఏది తీసేయాలి అని చూసుకుంటూ ఏళ్ళ తరబడి ఆగాలి. నలుగురికీ చూపించడానికి ఒక ముఖం ఎంచుతారు. చెట్టు తల కొద్దిగా చూసేవాళ్ళ వైపు వంగుతుంది, నమస్కారం పెట్టినట్టు. మండువేసవిలో ఒకట్రెండు రోజులు నీళ్ళు మర్చిపోతే చాలు, వందల ఏళ్ళ పని పోయినట్టే. బ్యాకప్ ఉండదు.

1651లో ఇయెమిత్సు చనిపోయాడు, 47 కూడా నిండలేదు. ఆయన వెనకే దగ్గరి మంత్రులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. సమాధి నిక్కోలో, తాత గుడికి దగ్గర్లోనే ఉంది. ఆయన హయాంలో కట్టిన కోట బురుజు 1657లో మంటల్లో కాలిపోయింది, మళ్ళీ కట్టలేదు. 1868లో షోగన్ల పాలనే పోయింది. చక్రవర్తి ఎదోకి వచ్చాడు, ఆ కోటే ప్యాలెస్ అయింది.

ఆయన మూసిన తలుపులు తెరుచుకున్నాయి. కోటలో పునాది రాళ్ళు మిగిలాయి. చెట్టు మాత్రం బతికే ఉంది. దానికి షోగన్ పేరే ఉంది కానీ, ఇన్ని వందల ఏళ్ళు రోజూ నీళ్ళు పోసిన తోటమాలుల పేర్లు మనకెవరికీ తెలీవు.