పుణె వెళ్లి చదివారు.. మనవాళ్లకు ఆ బాధ తప్పించారు

విశ్వేశ్వరయ్య అనగానే ఇక్కడ కన్నంబాడి కట్ట గుర్తొస్తుంది. హైదరాబాద్‌ వాళ్లకైతే 1908 మూసీ వరదల తర్వాత వచ్చిన జంట జలాశయాలు. పని నేర్పే చదువు కోసం ఆయన పడ్డ తపన గురించి చెప్పుకొనేది తక్కువ.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1861లో చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో పుట్టారు. పూర్వీకులది ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. ఎప్పుడో ఇటు వచ్చి స్థిరపడినా ఇంటి భాష తెలుగే. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకొంటూ బెంగళూరు సెంట్రల్‌ కాలేజీలో చదివి 1881లో బీఏ పాసయ్యారు. ఇంజనీరింగ్‌ చదవాలంటే మైసూరు రాజ్యంలో కాలేజీ లేదు. సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో పుణె వెళ్లారు. 1883లో మొదటి ర్యాంకు కొట్టారు. మరుసటేడే బొంబాయి ప్రభుత్వం ఉద్యోగంలోకి తీసుకుంది. డబ్బు పెట్టింది మైసూరు, సుమారు పాతికేళ్లు సేవలందుకున్నది బొంబాయి!

మైసూరు చీఫ్‌ ఇంజనీరుగా రమ్మని పిలుపొస్తే వెంటనే సరేననలేదు. సాంకేతిక విద్య, పరిశ్రమల పనికి అవకాశం ఇస్తారా అని దివాన్‌ను అడిగారు. ఇస్తామన్నాకే 1909లో వచ్చి చేరారు. 1912లో తానే దివాన్‌ అయ్యారు. 1913లో హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరులో ఇంజనీరింగ్‌ కాలేజీ వచ్చాయి. ఇక్కడి కుర్రాళ్లకు పుణె, మద్రాసు ప్రయాణం తప్పింది.

మరి ఆ గడప అందరికీ అందిందా అంటే లేదనే చెప్పాలి. అప్పట్లో చదువుల్లో, సర్కారు కొలువుల్లో బ్రాహ్మణులదే పైచేయి. మిగతా వర్గాలకు వాటా తేల్చేందుకు 1918లో మహారాజు మిల్లర్‌ కమిటీ వేశారు. అర్హతే చూడాలన్నది విశ్వేశ్వరయ్య పట్టు. ఆ విభేదంతోనే దివాన్‌గిరీ వదిలేశారు. ఈ విషయంలో ఆయన్ను తప్పుపట్టేవాళ్లు కన్నడనాట ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాటనూ కొట్టిపారేయలేం.

1923 నుంచి భద్రావతి ఇనుము కర్మాగారం బాధ్యత చూశారు. అక్కడ తనకు రావలసిన సొమ్ము మాత్రం చేతికి తీసుకోలేదు. కుర్రాళ్లకు చేతిపని నేర్పి, బతుకుదెరువు చూపే సంస్థ పెట్టమన్నారు. తన పేరు వద్దని మహారాజు పేరు పెట్టించారని చెబుతారు. అలా 1943లో బెంగళూరులో వెలిసిందే శ్రీ జయచామరాజేంద్ర వృత్తి విద్యాసంస్థ. తర్వాత అదే పాలిటెక్నిక్‌ అయింది. కేఆర్‌ సర్కిల్‌ వైపు వెళితే ఇంజనీరింగ్‌ కాలేజీ, ఈ పాలిటెక్నిక్‌ దగ్గరదగ్గరే కనిపిస్తాయి. కాలేజీకి ఇప్పుడు ఆయన పేరే.

1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్లో కన్నుమూశారు. సమాధి సొంతూరు ముద్దేనహళ్లిలోనే ఉంది. అక్కడి ఇంటిని మ్యూజియంగా మార్చారు.