శంబుకుని పక్షమున వకాల్తా

సికిందరాబాదునుండి హైదరాబాదునకు హుస్సేనుసాగరపు కట్టమీదుగా పోవు త్రోవలో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము తెలుగు ప్రముఖుల విగ్రహములను నెలకొల్పెను. వానిలో కవిరాజు త్రిపురనేని రామస్వామిచౌదరిగారి విగ్రహ మొకటి. ఆయన పేరెఱిగినవారు పెక్కురు. ఆయన శంబుకవధ నాటకమును చదివినవారు కొలదిమంది. ఆయన జీవితము ఆ నాటకమునకు వ్యాఖ్యానమువంటిది గనుక రెంటిని కలిపి స్మరించుట యుక్తము.

రామస్వామిగారు 1887 జనవరి 15వ తేదీన కృష్ణాజిల్లా అంగలూరున కర్షక కుటుంబమున జన్మించిరి. కురుక్షేత్ర సంగ్రామమను నాటకమున, జ్ఞాతుల రాజ్యకలహమందు కౌరవుల పక్షమునను న్యాయము కలదని వాదించిరి. 1914లో న్యాయశాస్త్రాభ్యాసమునకై ఐర్లండునందలి డబ్లిను నగరమున కేగిరి. ఆయన యచ్చట నుండగనే, 1916లో, ఐరిషువారు ఆంగ్లప్రభుత్వముపై తిరుగబడిరి. బారిష్టరై మరలివచ్చి తొలుత బందరునను, పిదప తెనాలియందును నివసించిరి.

శంబుకవధ 1920లో వెలువడెను. కథ ఉత్తరకాండలోనిదే. వృద్ధబ్రాహ్మణు డొకడు అకాలమరణమునొందిన కుమారుని శవమును రాజద్వారమునకు తెచ్చి, రాజదోషమే దీనికి కారణమని విలపించును. శూద్రుని తపస్సే ఆ దోషమని నారదుడు నిర్ణయించును. రాముడు తపస్వి శిరస్సు ఖండించును, బాలుడు బ్రతుకును. భవభూతికి సైత మీ ఘట్టము కంటకమే యయ్యెను. ఉత్తరరామచరితమున రాముని హస్తము సంకోచించును. హతుడైన శంబుకుడు దివ్యరూపము దాల్చి ప్రణమిల్లును.

కవిరాజున కీ సమాధానము చాలలేదు. ఆయన శంబుకుని ద్రావిడ తాపసిగా నిలిపి, ఆర్యుల ఆధిక్యమునకు భంగము కలుగునని వెఱచిన వసిష్ఠాదులు రాముని వధకు పురికొల్పినట్లు చిత్రించిరి. ఇందు రాముడు క్రూరుడు కాడు. సందేహించును, తుదకు లొంగును. ఆ తండ్రి కడుపుకోత నిజమైనదే. దానిని ఆయుధముగా మలచి నిరపరాధిని బలిగొనుటయే అన్యాయము.

ఆర్యద్రావిడ జాతివైర భావన పాశ్చాత్యపండితుల గ్రంథములవలన నాడు ప్రబలినది. భాషాకుటుంబము వేఱు, రక్తసంబంధము వేఱనియు, ఈ దేశప్రజలు పలు తెగల కలయికవలన నేర్పడిరనియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. కావున నాటకమందలి చరిత్రభాగము సందేహాస్పదము. అయినను న్యాయప్రశ్న చెక్కుచెదరలేదు. పుట్టుకనుబట్టి విద్యను, తపస్సును నిషేధించుట ధర్మ మెట్లగును? శంబుకుడు ఏ జాతివాడైనను ఈ ప్రశ్న యొక్కటే.

రామస్వామిగారు రంగస్థలముతో తృప్తినొందలేదు. తెనాలి పురపాలక సంఘాధ్యక్షులై గంగానమ్మ కొలువులలో జంతుబలిని మాన్పించిరి. అందువలన పదవి పోయినను వెనుదీయక మరల ఎన్నికైరి. పెండ్లితంతు అందఱికి బోధపడవలెనని వివాహవిధిని తెలుగున కూర్చి, తామే వివాహములు జరిపించిరి. ఆయన కుమారుడు గోపీచందు ప్రసిద్ధ నవలాకారుడయ్యెను.

1943 జనవరి 16వ తేదీన కవిరాజు అస్తమించిరి. మరుసటి యేడు కన్నడమున కువెంపు రచించిన శూద్రతపస్వి నాటకమున తాపసి బ్రతుకును, బ్రాహ్మణునకు జ్ఞానోదయమగును. కవిరాజు మాత్రము శంబుకుని బ్రతికింపలేదు. చంపినవారికి ఊరట నొసగక, తీర్పును ప్రేక్షకునికే విడిచిరి. జన్మనుబట్టి మనుష్యుని తూచు త్రాసు మన యిండ్లలో ఉన్నంతకాలము ఆ వ్యాజ్యము ముగిసినట్లు కాదు.