సహాధ్యాయుల ప్రభావం – డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితం

ఉన్నత పాఠశాల వయస్సులోని విద్యార్థి చదువుపై శ్రద్ధ పెంచుకొనడానికైనా, దానిని కోల్పోవడానికైనా పక్కన కూర్చున్న మిత్రుడే చాలాసార్లు కారణమవుతాడు. తల్లిదండ్రుల మందలింపుకంటె తోటివారి మెప్పు ఆ వయస్సులో బలవత్తరమైనది. హైదరాబాదులో జన్మించి రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలింపదలచాము.

ఆయన 1897 ఫిబ్రవరి 8న జన్మించారు. న్యాయవాదియైన తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ 1907లో మరణించగా, కుటుంబం ఉత్తరాదిలోని స్వస్థలమైన కాయంగంజ్ చేరింది. ఆయన ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చదివారు. 1911లో ప్లేగు వ్యాధి తల్లిని కూడా బలిగొన్నది. ఇల్లు దూరమైన బాలునికి బడియే ఇల్లు. అక్కడినుండి ఆయన అలీగఢ్ కళాశాలకు వెళ్ళారు.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాసంస్థలను విడిచి రమ్మని విద్యార్థులను కోరారు. కొందరు విద్యార్థులు ఆ పెద్దలను పరిహసించారు. గుంపుతో కలసి నవ్వడం సులభం. ఆ గుంపులో మన మిత్రులే ఉన్నప్పుడు విడివడి నిలవడం కష్టం. జాకిర్ హుస్సేన్ విడివడి నిలిచారు. కళాశాలను త్యజించినవారిలో ఆయన ముందున్నారు. మరికొందరు విద్యార్థులు, అధ్యాపకులు కూడా అదే బాట పట్టారు. అదే నెల 29న జామియా మిల్లియా ఇస్లామియా అవతరించింది.

ఉన్నత విద్యకై బెర్లిన్ వెళ్ళినప్పుడు ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ ఆయనకు ఆప్తులయ్యారు. జామియా మూతపడే స్థితిలో ఉన్నదని తెలిసి, ముగ్గురూ దానికే సేవ చేయ నిశ్చయించి 1926లో స్వదేశం చేరారు. 29 ఏళ్ళకే ఆయన దాని ఉపకులపతి అయ్యారు. 1928లో ఆయనా, సహచరులూ నెలకు 150 రూపాయలకు మించని వేతనంతో 20 ఏళ్ళు పనిచేయుదుమని ప్రతిన పూనారు. కష్టకాలంలో ఒకరినొకరు నిలబెట్టుకొన్నారు. 1948 వరకు ఆయన ఆ బాధ్యతను వహించారు. 1967లో రాష్ట్రపతియై, 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూసి, జామియా ప్రాంగణంలోనే శాశ్వత నిద్ర పొందారు.

చెడు సావాసాన్ని మానుమని బోధించడంతో పెద్దల కర్తవ్యం తీరదు. మంచి సావాసం దొరికే చదువు బృందాలను, వసతిగృహాలను మనమే కల్పించాలి. విద్యార్థి సోదరులారా, మీ మిత్రుడు మిమ్ములను దిద్దుతున్నట్లే మీరూ అతనిని దిద్దుతున్నారు. ఆ బాధ్యతను మరువవద్దని కోరుతున్నాము.