హనుమకొండ భాషానిలయం నుంచి హైదరాబాదు మేయరు గిరీ దాకా
తెలుగు చదువుకు ప్రాణం పెట్టిన మాడపాటి హనుమంతరావు గారు

మట్టెవాడ: కళలకూ, చదువుకూ మన పట్టణంలో సర్కారు వారు చేసినది ఎంతో, జనం తమకు తాముగా జీతం బత్తెం లేకుండా చేసుకున్నది ఎంతో లెక్క తీస్తే రెండోదే ఎక్కువ తేలుతుంది. ధ్వన్యనుకరణ విద్యతో దేశదేశాలు తిరిగిన నేరెళ్ల వేణుమాధవ్ గారు 1932లో పుట్టింది ఈ మట్టెవాడలోనే. అంతకు మూడు దశాబ్దాల ముందే పక్కనున్న హనుమకొండలో కొందరు కుర్రవాళ్లు, చిరుద్యోగులు, వకీళ్లు కలిసి తెలుగు పుస్తకాలకు ఒక గూడు కట్టారు. ఆ గుంపులో ఒకరు తరువాతి కాలంలో ఆంధ్ర పితామహుడని పేరు పొందిన మాడపాటి హనుమంతరావు గారు. ఆయన పేరు వినని చదువరి ఉండడు. కానీ ఆయన బతుకులో మన జిల్లా పాలు ఎంత ఉందో మన పల్లెల్లో చాలామందికి తెలియదు.

మాడపాటి వారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామ అండన సూర్యాపేటకు చేరారు. అక్కడి నుంచి హనుమకొండకు వచ్చి చదువుకున్నారు. నిజాం రాజ్యంలో చదువంటే ఉర్దూ, కచేరీ అంటే ఉర్దూ, ఫారసీ. తెలుగు ఇంట్లోనూ పొలంలోనూ మాట్లాడుకునే మాటగానే మిగిలింది. మాడపాటి వారు ఉర్దూ, ఫారసీ బాగా నేర్చారు. పరభాష అని దాన్ని తూలనాడలేదు. దానిలోనే దిట్ట అయ్యి, ఆ దారినే తెలుగుకు మేలు చేశారు. ఇది గమనించదగ్గ విషయం. సర్కారు రాసిన కాగితాన్ని చదివి, దానిలో రైతుకూ కోమటికీ పనికి వచ్చే మాట ఎక్కడుందో పట్టుకోగల నేర్పు ఆయనకు అలా అబ్బింది.

చదువు ముగించి మన హనుమకొండలోనే చిన్న సర్కారు కొలువులో చేరారు. 1912 దాకా ఇక్కడే ఉన్నారు. శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో ఇక్కడ వెలసింది. హైదరాబాదులో 1901లో పుట్టిన శ్రీ కృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి ఇది తమ్ముడి వంటిది. పేరు పెట్టడంలోనే వారి మనసు తెలుస్తుంది. నన్నయ గారి చేత భారతం తెలుగు చేయించిన రాజు రాజరాజ నరేంద్రుడు. తెలుగు ఎక్కడ మొదలైందో అక్కడి పేరు తెచ్చి, తెలుగు బడి లేని ఊరికి పెట్టారన్న మాట.

ఆ భాషానిలయానికి జాగీరులు లేవు. చందాలే ఆధారం. పుస్తకం కొనాలన్నా, పత్రిక తెప్పించాలన్నా, దీపానికి నూనె పోయాలన్నా సభ్యులు ఇచ్చుకున్నదే. కొలువు ముగిసిన తరువాత పొద్దుగూకే వేళ వచ్చి పని చేసిన వారే దాన్ని నిలబెట్టారు. మాడపాటి వారు అందులో ముందు నిలిచి పని చేశారు. తరువాత వరంగల్లు పట్టణంలో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం వచ్చింది. మన చుట్టుపక్కల ఊళ్లలో పఠన మందిరాలు లేచాయి. నలుగురు చేరి పత్రిక చదువుతున్నారంటే అనుమానంగా చూసే కాలం అది. పటేలు కన్ను, అమీను కన్ను దాటి ఒక అల్మారా నిండా పుస్తకాలు పెట్టడం చిన్న సంగతి కాదు.

ఈ రోజుల్లోనే ఆయన కథలు కూడా రాశారు. హృదయశల్యము అనే కథ 1912లో అచ్చయింది. ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేసిన తొలి వారిలో ఆయన ఒకరు. మల్లికాగుచ్ఛము పేరుతో ఆ కథలు పుస్తకంగా వచ్చాయి. సభలూ సంఘాలూ మీద పడకపోతే ఆయన పెద్ద కథకుడు అయ్యేవాడని నా నమ్మకం. తెలుగు కథకు అది నష్టమే.

1912లో హైదరాబాదు వెళ్లి సర్కారులో తర్జుమా పని చేశారు. 1917లో వకీలు అయ్యారు. 1921 నవంబరులో అక్కడి వివేకవర్ధినిలో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కర్వే గారు అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడిన వారిని విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టింది. రాజ్యంలో సగం జనం మాట్లాడే భాషకు జరిగిన మర్యాద అది. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూడి ఆంధ్ర జన సంఘం పెట్టారు. బూర్గుల రామకృష్ణారావు గారు, ఆదిరాజు వీరభద్రరావు గారు, మాడపాటి వారు ఆ వరుసలోని వారే.

ఆ సంఘం పెట్టుకున్న పనులు చూడండి. గ్రంథాలయాలు, బడులు పెట్టించడం, పండితులను గౌరవించడం, తాళపత్రాలు సేకరించడం, శాసనాలు వెతికి చదివించడం. ఊరి చివర గుడి ముందు పడి ఉన్న రాయి మీద గొడ్డలి నూరుకుంటుంటే ఆపి, దాని మీద అక్షరాలు ఉన్నాయని చెప్పిన వారు వీరు. దీని నుంచే పరిశోధక మండలి పుట్టింది. 1923లో కన్నుమూసిన కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు దానికి పెట్టారు. 1935లో ఆ మండలి తెలంగాణా శాసనాలను గ్రంథంగా అచ్చు వేసింది. ఆదిరాజు వారు అందుకు పడ్డ శ్రమ ఇంతింత కాదు. కాకతీయుల సంగతి నేడు మన పిల్లలు పాఠంలో చదువుతున్నారంటే ఇటువంటి వారి కాళ్ల నొప్పులు అందులో ఉన్నాయి.

సంఘం కేంద్ర సంఘంగా మారాక తొలి సభ 1923లో మన హనుమకొండలోనే జరిగింది. అప్పటికి పల్లెల్లో వెట్టి రాజ్యమేలుతోంది. అధికారి ఊరికి దౌరా వచ్చాడంటే కుమ్మరి కుండ, చాకలి మోత, గొల్ల మేక, కోమటి బియ్యం నెయ్యి అన్నీ ఉచితంగానో, వారు ఇచ్చిన ధరకో పోవలసిందే. మాడపాటి వారు కేకలు వేయలేదు. సర్కారు తానే ఎప్పుడో జారీ చేసి అటకెక్కించిన ఉత్తర్వులను వెదికి తీశారు. వాటిని తెలుగులో చిన్న పుస్తకాలుగా వేయించి పంచారు. వర్తక స్వాతంత్ర్యం మీద ఒకటి, వెట్టి మీద ఒకటి. అంగడి అతను గిర్దావరు ముందు ఆ పుస్తకం తెరిచి, ఇదిగో మీ సర్కారు హుకుమే అని చూపగలిగాడు. కర్ర కన్న కాగితం బలమైనదని మన ఊళ్ల వారు మొదట చూసింది అప్పుడే.

1928లో హైదరాబాదు నారాయణగూడలో ఆంధ్ర బాలికల బడి పెట్టారు. తెలుగులో చదువు చెప్పే ఉన్నత పాఠశాలకు ఇక్కడ గుర్తింపు దొరకలేదు. ఆడపిల్లల చదువు ఆగిపోకూడదని పూనాలోని కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు కట్టించారు. 1921 నాడు సభాధ్యక్షుడుగా ఆ గోల చూసిన కర్వే గారే ఇలా అక్కరకు వచ్చారు.

1930 నుంచి ఆంధ్ర మహాసభలు మొదలయ్యాయి. 1935లో సిరిసిల్ల సభకు మాడపాటి వారు అధ్యక్షులు. సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలి, జమానతు కట్టాలి, రాజకీయం ఎత్తకూడదు. ఆయన ఆ గీత దాటలేదు. అర్జీ, విన్నపం, తీర్మానం, ఇదే ఆయన బాట. కుర్రకారుకు ఇది నచ్చలేదు. 1940ల నాటికి మహాసభ అతివాదుల చేతికి వెళ్లింది, 1944లో భువనగిరిలో చీలింది. మాడపాటి వారు సర్కారును నొప్పించరని అప్పుడు నిందించిన వారు ఉన్నారు. ఆ నిందలో కొంత నిజం లేకపోలేదు. వెట్టి కింద నలిగే వాడికి అర్జీ జవాబు వచ్చే దాకా ఆగే ఓపిక ఎక్కడిది? అయితే ఆ కుర్రకారులో చాలామంది తెలుగు అక్షరం, పత్రిక, లోకజ్ఞానం తెచ్చుకున్నది ఈ మితవాదులు పెట్టిన పఠన మందిరాల్లోనే అన్నదీ నిజమే.

నిజాం పాలన పోయాక 1951లో హైదరాబాదు నగరానికి ఆయన మొదటి మేయరు అయ్యారు. 1955లో పద్మభూషణ్ వచ్చింది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షులు ఆయనే, 1964 దాకా ఆ పీఠం మీద ఉన్నారు. ఈ ఉద్యమం కథంతా తెలంగాణా ఆంధ్రోద్యమము పేరుతో రెండు భాగాలుగా ఆయనే రాసి పెట్టారు. చదివితే తన గురించి తక్కువ, తోటివారి గురించి ఎక్కువ కనబడుతుంది.

1970 నవంబరు 11న మాడపాటి వారు కన్నుమూశారు. నారాయణగూడలోని ఆడపిల్లల బడికి ఆయన పేరే పెట్టారు. హనుమకొండ భాషానిలయానికి 2004తో నూరేళ్లు నిండాయి.